నా నిద్రకి సాక్షి ఎవరు?

నిద్రపోతున్న మనిషికి తన నిద్ర గురించి ఏమీ తెలియదు. ఎంతసేపు పడుకున్నామో గడియారం చెబుతుంది. ఎలా పడుకున్నామో పక్కనున్న మనిషి చెప్పాలి. రాత్రంతా కలవరించావనీ, పళ్ళు కొరికావనీ, గురకతో ఇంట్లో ఎవర్నీ పడుకోనివ్వలేదనీ ఎదుటివాళ్ళు చెబితే విని నమ్మాల్సిందే. ఆత్మకథలో నిద్ర అధ్యాయాన్ని ఎవరికి వాళ్ళు రాసుకోలేరు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుతో నాలుగేళ్ళుగా బతుకుతూ, దాని చరిత్ర వెతుక్కుని చదువుకుంటూ వచ్చిన నాకు పదేపదే ఎదురైన సంగతి ఇదే. ఎవరి నిద్రని ఎవరు చూశారు, ఎవరి మాటని డాక్టరు రాసుకున్నాడు, ఎవరి నిద్రకి సాక్షులే లేకుండా పోయారు అన్న ప్రశ్నలు వదిలేసి స్లీప్ ఆప్నియా చరిత్ర చెప్పుకోలేం.

నాకు అరవై రెండేళ్ళు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళుగా నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీల జీవిత కథనాలు సేకరిస్తున్నాను. ఇంట్లో రెండు బీరువాల నిండా కేసెట్లు, నోటు పుస్తకాలు ఉన్నాయి. అంటే ఇతరుల జ్ఞాపకాల మీద ఆధారపడి పనిచేసే మనిషిని. అలాంటి నాకు యాభై ఏడో ఏట నుంచీ మాట మధ్యలో పేర్లు అందకుండా పోవడం మొదలైంది. తెలిసిన కవయిత్రి పేరు, పక్కవీధి పేరు, నిన్న చదివిన వ్యాసం శీర్షిక. పొద్దున లేస్తే తల బరువు. పది గంటలు పడుకున్నా పడుకున్నట్టుండేది కాదు. ఒక డాక్టరు మెనోపాజ్ అన్నారు. మరొకరు ఒంటరితనం అన్నారు, వయసన్నారు, నిద్రమాత్ర రాశారు. కొన్ని రకాల నిద్రమాత్రలు గొంతు కండరాల్ని ఇంకా సడలించి ఈ జబ్బుని ముదరబెట్టగలవని తర్వాత చదివి తెలుసుకున్నాను.

అసలు ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. నిద్రపట్టగానే ఒంట్లో కండరాలు సడలుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి, గొంతు గోడలు దగ్గరపడి గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట గాలి కోసం పెనుగులాడుతుంటాయి కానీ గాలి లోపలికి పోదు. కనీసం పది సెకన్లు ఇలా ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కొద్దిగా లేపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్ళీ నిద్ర. గంటకి అయిదు నుంచి పదిహేనుసార్లయితే స్వల్పం, ముప్పై దాటితే తీవ్రం. నాకు గంటకి ముప్పై నాలుగు. అంటే రాత్రికి రెండు వందలసార్లకి పైగా నేను ఉలిక్కిపడుతున్నాను. వాటిలో ఒక్కటీ నాకు జ్ఞాపకం లేదు. మరుపు గురించి భయపడే మనిషికి ఇంతకంటే వింత జబ్బు ఏముంటుంది?

నిద్ర గురించి లోకం చెప్పుకున్న కథల్లో మగవాళ్ళ నిద్రే పెద్దగా వినబడుతుంది. మన కుంభకర్ణుడి గురక, అతన్ని లేపడానికి భేరీలు మోగించి ఏనుగులతో తొక్కించడం రామాయణంలో ఒక పెద్ద ఘట్టం. ఇంగ్లీషులో చార్లెస్ డికెన్స్ 1836-37లో రాసిన ‘పిక్విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రాడుంటాడు. నిలబడి నిద్రపోతాడు, పనిమధ్యలో గురకపెడతాడు, అందరూ నవ్వుతారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత 1956లో అమెరికాలో బర్వెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఊబకాయం, పగటినిద్ర, సరిగా ఆడని శ్వాస కలిసిన ఒక రోగిని వర్ణిస్తూ ఆ జబ్బుకి ‘పిక్వికియన్ సిండ్రోమ్’ అని పేరుపెట్టారు. నవ్వుకోడానికి పుట్టిన పాత్ర వైద్యగ్రంథంలోకి ఎక్కింది.

అయితే వాళ్ళు రోగిని పగలే చూశారు. రాత్రి కూర్చుని చూసింది యూరప్ వాళ్ళు. 1965లో ఫ్రాన్స్‌లో మార్సెయ్ నగరంలో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఇలాంటి రోగుల నిద్రని యంత్రాలతో నమోదు చేసి, శ్వాస మాటిమాటికీ ఆగిపోతోందని గుర్తించారు. ఇటలీలో లుగరేసి, కొకాన్యా ఆ పనిని ముందుకు తీసుకెళ్ళారు. 1972లో రిమినిలో దీనిమీద ఒక సదస్సు జరిగింది. అదే ఏడు ఫ్రాన్స్ నుంచి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళిన క్రిస్టియన్ గియెమినో, లావు లేనివాళ్ళకి కూడా ఈ జబ్బు వస్తుందని చూపించాడు. 1976లో ఆయనా ఆయన సహచరులూ రాసిన వ్యాసంతో ‘స్లీప్ ఆప్నియా సిండ్రోమ్’ అన్న పేరు స్థిరపడింది.

ఈ చరిత్ర రాసేవాళ్ళు శాస్త్రవేత్తల పేర్లు వరసగా చెబుతారు. కానీ ఆ రోగులు ఆస్పత్రి దాకా ఎలా వచ్చారని అడగరు. నిద్రలో ఊపిరి ఆగుతోందని నిద్రపోయేవాడికి తెలియదు కదా. పక్కన మేలుకుని, చీకట్లో చెవులు రిక్కించి, మళ్ళీ ఊపిరి వచ్చేదాకా తన ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న మనిషి చెప్పాలి. మగ రోగుల విషయంలో ఆ మనిషి చాలాసార్లు భార్య. ఏ వ్యాసంలోనూ పేరు లేని ఆ స్త్రీలే ఈ జబ్బుకి తొలి పరిశీలకులు. వైద్యభాషలో వాళ్ళకి ‘బెడ్ పార్ట్‌నర్’ అని ఒక పొడి పేరుంది. ఇప్పటికీ డాక్టర్లు వేసే మొదటి ప్రశ్నల్లో ఒకటి, మీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నదే.

ఎవరూ చూడకపోతే? పక్కనున్న మనిషి గాఢంగా నిద్రపోయేవాడైతే? వేరే గదిలో పడుకునేవాడైతే? వితంతువులూ, పెళ్ళి చేసుకోనివాళ్ళూ, విడిపోయినవాళ్ళూ, పిల్లలు దూరదేశాల్లో ఉన్నవాళ్ళూ ఎవర్ని సాక్ష్యం తెచ్చుకోవాలి?

స్త్రీలు లెక్కలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1980లలో నిద్ర క్లినిక్కులకి వచ్చేవాళ్ళలో ఎనిమిది, పదిమంది మగవాళ్ళకి ఒక స్త్రీ ఉండేది. కాబట్టి ఇది మగవాళ్ళ జబ్బన్నారు. స్త్రీలలో ఈ జబ్బు గురించి గియెమినో బృందం ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసింది 1988లో. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో టెర్రీ యంగ్ అనే ఎపిడెమియాలజిస్ట్ రోగులు క్లినిక్కుకి వచ్చేదాకా ఆగలేదు. 30 నుంచి 60 ఏళ్ళ వయసున్న 602 మంది ప్రభుత్వోద్యోగుల్ని పిలిచి, ఒక రాత్రి పడుకోబెట్టి చూసింది. 1993లో వచ్చిన ఆ ఫలితాల్లో గంటకి అయిదు లేక అంతకంటే ఎక్కువసార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో మగవాళ్ళలో 24 శాతం మందికీ, స్త్రీలలో 9 శాతం మందికీ కనబడింది. స్త్రీలలో తక్కువే, కానీ ఎనిమిదో వంతు కాదు, మూడోవంతుకి పైమాటే. మరి క్లినిక్కులో కనబడని స్త్రీలంతా ఎక్కడున్నారు? ఇళ్ళల్లో ఉన్నారు, అలసిపోయి. 1997లో ఆ బృందమే మరో లెక్క చెప్పింది. ఒక మోస్తరు నుంచి తీవ్రంగా జబ్బున్న స్త్రీలలో 93 శాతం మందికి, మగవాళ్ళలో 82 శాతం మందికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

స్త్రీల లక్షణాలు వేరుగా ఉంటాయి కాబట్టి డాక్టర్లు పోల్చుకోలేరని ఒక సమాధానం ఉంది. అందులో కొంత నిజముంది. క్లినిక్కుకి వచ్చిన స్త్రీలు గురక కంటే నిద్రపట్టకపోవడం, నీరసం, పొద్దుటి తలనొప్పి, దిగులు గురించి ఎక్కువ చెబుతారు. వీటికి డిప్రెషన్ అనో మెనోపాజ్ అనో పేరుపెట్టడం సులువు. కానీ యంగ్ బృందం 1996లో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుని చూస్తే, ఒకే స్థాయి జబ్బున్న స్త్రీపురుషులు చెప్పిన లక్షణాల్లో పెద్ద తేడా కనబడలేదు. అడిగితే స్త్రీలూ గురక సంగతి చెప్పారు. అడిగేవాళ్ళు లేకపోవడం కూడా ఒక కారణమన్నమాట. మెనోపాజ్ తర్వాత స్త్రీలలో ఈ జబ్బు బాగా పెరుగుతుందని 2001లో పెన్సిల్వేనియా అధ్యయనం చూపించింది. అంటే ‘మెనోపాజ్ కదా’ అని ఫైలు మూసేయడం కాదు, మెనోపాజ్ కాబట్టే ఇంకో ప్రశ్న అడగాలి.

మన దేశంలో తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి 2004లో ముంబై నుంచి వచ్చింది. 250 మంది నిద్రని చూశారు. అందరూ నడివయసు మగవాళ్ళే. శీర్షికలోనే ఆ సంగతి నిజాయితీగా రాశారు. తర్వాత ఢిల్లీలో చేసిన అధ్యయనాలు స్త్రీలనూ కలుపుకున్నాయి. జబ్బు అనుమానాన్ని తేల్చడానికి 2008 నుంచి వాడుతున్న ‘స్టాప్-బ్యాంగ్’ అనే ఎనిమిది ప్రశ్నల పట్టికలో ఇప్పటికీ మగవాళ్ళయితే ఒక మార్కు అదనం. మగవాళ్ళలో జబ్బు ఎక్కువన్న లెక్క ప్రకారం అది సబబే. కానీ ఊపిరి ఆగడం చూసిన మనిషి లేకపోతే ఇంకో మార్కు పోతుంది. ఒంటరి స్త్రీ రెండు మార్కుల వెనక నుంచి బయల్దేరుతుంది. పగటినిద్రని కొలిచే ఎప్‌వర్త్ పట్టిక 1991 నాటిది. కూర్చుని చదువుకుంటున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు కునుకు పడుతుందా అని అడుగుతుంది. భోజనమయ్యాక ఊరికే కూర్చునే స్త్రీని మనలో ఎంతమంది చూశాం? అంట్లు తోముతూ నిలబడ్డ మనిషికి నిద్ర వస్తోందా లేదా అని ఏ గడిలో రాయాలి?

గురక మగవాడికి హాస్యం, ఆడదానికి అవమానం. మా పెద్దమ్మ గురకపెట్టేది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళంతా ఒకే గదిలో చాపలు పరుచుకుంటే ఆమె చాప మాత్రం వంటశాల పక్క వరండాలో పడేది. ఎవరూ చెప్పకుండానే ఆమే తీసుకుపోయి వేసుకునేది. పెదనాన్న గురక మాత్రం వీధి అరుగు మీదినుంచి ఊరంతటికీ వినబడేది, దాన్ని ఆయన దర్జాలో భాగంగానే చెప్పుకునేవాళ్ళం. పెద్దమ్మకి చివరి ఆరేళ్ళూ మతిమరుపు. నన్ను చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచేది. అన్నం తిన్న పది నిమిషాలకి తినలేదని ఏడ్చేది. ఆ గురకకీ ఈ మరుపుకీ సంబంధం ఉందో లేదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఆమె నిద్రని పరీక్షించినవాళ్ళు లేరు, ఆమె మతిమరుపుకి పేరుపెట్టినవాళ్ళూ లేరు. నా భయానికి మూలం మాత్రం ఆ వరండాలోనే ఉంది.

స్త్రీల రామాయణపు పాటల్లో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఉంది. లక్ష్మణుడు అడవిలో మేలుకుని ఉన్న పద్నాలుగేళ్ళూ ఊర్మిళ అంతఃపురంలో నిద్రపోతుంది. ఈ నిద్ర వాల్మీకిలో లేదు, ఆడవాళ్ళ పాటలో ఉంది. తెల్లవారుజామునే లేవాల్సిన ఇల్లాళ్ళు తమలో ఒకరికి పద్నాలుగేళ్ళ నిద్రని ఇచ్చుకున్నారని నాకనిపిస్తుంది. పాటలో లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే ఊర్మిళ అతన్ని పోల్చుకోదు, పరాయివాడనుకుని కోప్పడుతుంది. క్లాసులో ఈ పాట చెప్పినప్పుడల్లా శీలం గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు చదివితే ఆ పోల్చుకోలేకపోవడమే ముందు కనబడుతుంది. నిద్ర నుంచి లేచేసరికి నా మనుషులు నాకు తెలియకుండా పోతారా?

ఈ భయానికి ఆధారం ఎంతుందో వెతుక్కున్నాను. 2011లో అమెరికాలో క్రిస్టీన్ యాఫీ బృందం ప్రచురించిన అధ్యయనం అందరూ స్త్రీలతో చేసినది. విచిత్రమేమంటే, ఆ స్త్రీలు 1980లలో మొదలైన ఎముకలు విరగడం గురించిన ఒక అధ్యయనంలో చేరినవాళ్ళు. ఎముకల కోసం పిలిచినవాళ్ళని ఏళ్ళ తర్వాత నిద్ర గురించి, జ్ఞాపకం గురించి అడిగారు. సగటున 82 ఏళ్ళ వయసున్న, అప్పటికి మతిమరుపు జబ్బు లేని 298 మంది. వాళ్ళలో 105 మందికి నిద్రలో శ్వాస ఆటంకం ఉంది. దాదాపు అయిదేళ్ళ తర్వాత చూస్తే ఆటంకం ఉన్నవాళ్ళలో 44.8 శాతం మందికి, లేనివాళ్ళలో 31.1 శాతం మందికి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి స్పష్టంగా తగ్గాయి లేదా డిమెన్షియా వచ్చింది. నిద్ర ముక్కలవడం కంటే ఆక్సిజన్ తగ్గడంతోనే దీనికి సంబంధం కనబడింది. ఇది సంబంధమే, కారణమని రుజువు కాదు. ఆటంకం ఉన్నవాళ్ళలోనూ సగానికి పైగా స్త్రీలు బాగానే ఉన్నారు. లేనివాళ్ళలోనూ దాదాపు మూడోవంతు మందికి మరుపు వచ్చింది. భయపడుతున్న రాత్రి మొదటి అంకె గుర్తొస్తుంది. తెల్లారాక మిగతావి గుర్తుచేసుకుంటాను.

నా జబ్బుని కనిపెట్టింది డాక్టరు కాదు. నాతోపాటు నిజామాబాద్ వచ్చిన పరిశోధక విద్యార్థిని. లాడ్జిలో ఒకే గదిలో పడుకున్నాం. అర్ధరాత్రి నన్ను కుదిపి లేపి, “మేడం, మీరు ఊపిరి ఆపేస్తున్నారు. నేను ఫోన్లో టైము చూశాను, నలభై సెకన్లు,” అంది వణికే గొంతుతో. పొద్దున్నే ఆ అంకెలన్నీ కాగితం మీద వరసగా రాసిచ్చింది. నిద్ర పరీక్షకి నన్ను పంపించింది ఆ కాగితమే.

ఇప్పుడు సీపాప్ మిషన్‌తో పడుకుంటున్నాను. అంతకుముందు తీవ్రమైన జబ్బుకి వైద్యమంటే మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేయడమే. 1980లో సిడ్నీలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు, ఆ ఆపరేషన్ వద్దన్న ఒక రోగికి ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి చూశాడు. ఆ గాలే గొంతు మూసుకుపోకుండా నిలబెట్టింది. అయిదుగురు రోగుల వివరాలతో 1981లో ‘లాన్సెట్’ పత్రికలో రాశాడు. తొలి మిషన్లకి వాక్యూమ్ క్లీనర్ మోటారుని వాడుకున్నారు. ఇల్లు ఊడ్చే యంత్రంలోంచి నా ఊపిరి వచ్చిందని తెలిసి నవ్వుకున్నాను.

నవ్వు వచ్చే విషయాలు ఎక్కువ లేవు. ముక్కు మీద మాస్కు, తల చుట్టూ పట్టీలు, పొద్దున చెంపల మీద గీతలు. తొట్టిలో రోజూ డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ చూసుకోవాలి. బంధువుల ఇంటికెళితే ప్లగ్గు ఎక్కడుందో ముందే అడగాలి. మిషన్ ఖరీదు నా పెన్షన్‌కి భారమే. నిజామాబాద్‌లో నాతో మాట్లాడే స్త్రీలకి అది ఊహకందని ఖరీదు. తలబరువు పోయింది. సాయంత్రం దాకా మనిషిలా ఉంటున్నాను. పేర్లు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. డాక్టరు అయిదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగారు, గడియారం గీయమన్నారు. మామూలుగానే ఉందన్నారు. వెయ్యిమందికి పైగా రోగులతో ఆరు నెలలు చేసి 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో సీపాప్ వల్ల ఆలోచనాశక్తిలో మెరుగుదల స్వల్పంగానే కనబడింది. కాబట్టి ఈ మిషన్ నా జ్ఞాపకానికి హామీపత్రం కాదు. పొద్దున్నే దాని తెర మీద ఒక అంకె కనబడుతుంది, 2.1, 3.4 అని. నా నిద్రకి ఇప్పుడు సాక్షి అదే. లెక్కపెడుతుంది, భయపడదు.

జ్ఞాపకం ఒక్కరి తలలోనే ఉంటుందన్న నమ్మకం నాకు ఎప్పుడూ లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మా తరాన్ని ఈ పనిలోకి దింపింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ముప్పై ఏళ్ళు దాటాక చెప్పిన మాటల్ని చరిత్రకి ఆధారంగా నిలబెట్టిన పుస్తకమది. అడిగిన మనిషీ, చెప్పిన మనిషీ కలిసి కూర్చుంటేనే ఆ చరిత్ర బయటికి వచ్చింది. అందుకే ఇప్పుడు నా కేసెట్లన్నీ మా విద్యార్థినితో కలిసి మళ్ళీ వింటున్నాను. ఎవరి గొంతు ఏదో, ఆ రోజు వాన పడిందో లేదో, టేపులో పడని సైగ ఏమిటో నేను చెబుతున్నాను, ఆమె రాసుకుంటోంది. నాకు గుర్తున్నంతలో ఈ పని పూర్తవ్వాలి. ఇది వైరాగ్యం కాదు, పని ప్రణాళిక.

ఇంకో మార్పు వచ్చింది. ఇన్నేళ్ళూ కూలి గురించి, కార్ఖానాల గురించి, తునికాకు గురించి, సమ్మెల గురించి, కాన్పుల గురించి అడిగాం. ఈ మధ్య ఒక ప్రశ్న కలిపాం, రాత్రిళ్ళు ఎలా నిద్రపోయేవారని. మొదటిసారి అడిగింది ఎనభై ఏళ్ళ ఒకావిడని. చాట ఒళ్ళో పెట్టుకుని యాభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. నా మొహంలోకి వింతగా చూసి, “నిద్రల ఎట్లుంటినో నాకేమెరుక బిడ్డా? నా పక్కపొంటి పండుకున్న మా కోడలినడుగు,” అంది.

కోడలు గడప దగ్గర కూర్చునుంది. అరవై దాటిన మనిషి. “మా అత్త నిద్రల గూడ వేళ్ళు ఆడిచ్చేది, బీడీలు చుట్టినట్టె. నడిమిట్ల ఊపిరి బిగవట్టేది. నేను భుజం మీద తట్టేదాన్ని. మల్ల తీసుకునేది. నలభై ఏండ్ల సంది తడుతనే ఉన్న,” అంది.

అత్త కోడలి వైపు తిరిగి చూసింది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. మా విద్యార్థిని నోటు పుస్తకంలో ‘చెప్పినవారు’ అన్నచోట అప్పటికే ఒక పేరు రాసి ఉంది. దానికిందే రెండో పేరు కూడా రాయమన్నాను.